ముల్కీ యెవరు?

ఐరోపాఖండమున నేడు ఏ దేశపు పత్రికను తెరచినను ఒక్కటే వాదము కనబడుచున్నది. బయటినుండి ఎందరిని రానీయవలెను? వచ్చినవారు ఎన్నేండ్లున్న పిదప స్వదేశీయులగుదురు? వారి బిడ్డలు ఏ దేశపు బిడ్డలు? ఈ ప్రశ్నలపైననే నెదర్లాండ్సు దేశమున 2023 లో ఒక మంత్రివర్గమును, 2025 లో మరియొకటియు కూలినవి. బ్రిటను 2016 లో ప్రజాభిప్రాయము తీసికొని ఐరోపా సమాఖ్యను విడిచిపోవ నిశ్చయించుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. మన యిండ్లలో పత్రిక చదువువారు ఈ వార్తలను ఎవరి యింటి తగవో యన్నట్లు చదివి పుట త్రిప్పుచున్నారు. కాని యీ తగవు మన యింటిలోనే నూరేండ్లు నడచినది. దానికి మన ప్రాంతమున పేరు ముల్కీ తగాదా. ముల్క్ అనగా దేశము. ముల్కీ యనగా దేశీయుడు. గైరుముల్కీ యనగా పైవాడు. ఈ మూడు మాటలు ఎందరి అన్నము తీసినవో, ఎందరికి అన్నము పెట్టినవో విచారింపదగిన విషయము.

విచారణను రాజధానినుండి మొదలుపెట్టుట వాడుక. నేను మనూరునుండి మొదలుపెట్టుచున్నాను. మనూరు నారాయణఖేడుకు చేరువనున్న మండల కేంద్రము, మంజీర ప్రాంతపు గ్రామము. నైజాము కాలమున నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిది. ఆ జిల్లాలో కన్నడము, మరాఠీ, తెలుగు మూడును కలిసి ప్రవహించెడివి. కచ్చేరీలో మాత్రము ఉర్దూ. 1956 నవంబరు 1 వ తేదీన రాష్ట్రములను భాషలనుబట్టి పునర్విభజించినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడు తాలూకా, నిర్ణా సర్కిలు తప్ప తక్కిన జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలు మాత్రము విడివడి మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. 2014 జూను 2 న తెలంగాణము ఏర్పడెను. 2016 లో మెదకును చీల్చగా ఈ ప్రాంతము సంగారెడ్డి జిల్లా అయ్యెను. 1940 లో ఇచ్చట పుట్టిన యొక ముసలమ్మను తలచుకొనుడు. ఆమె నైజాము ప్రజగా పుట్టి, భారత పౌరురాలై, ఆంధ్రప్రదేశపు నివాసినియై, ఇప్పుడు తెలంగాణపు నివాసిని అయినది. జిల్లాలు మూడు మారినవి. పొయ్యిరాళ్లు మాత్రము పెట్టినచోటనే యున్నవి.

ఈ సీమకు స్వదేశి పరదేశి తగవు క్రొత్తది కాదు. బీదరు బహమనీ సుల్తానుల రాజధానియైన 15 వ శతాబ్దముననే దర్బారు రెండు ముఠాలై యుండెను. తరతరములుగా దక్కనులో స్థిరపడిన ముసల్మానులు దక్కనీలు. సముద్రముమీదుగా పారసీకమునుండియు తుర్కుల దేశమునుండియు వచ్చినవారు ఆఫాకీలు. పారసీక వర్తకుడుగా వచ్చి ప్రధానమంత్రియైన మహమూదు గవాను ఆ రెండవ తెగవాడు. అతడు 1472 లో బీదరులో కట్టించిన మదరసా యొక్క నీలిపలకల మినారు నేటికిని నిలిచియున్నది. దక్కనీల పక్షమువారు అతని ముద్రతో ఒక దొంగలేఖ పుట్టించి, ఒరిస్సా గజపతితో కుట్ర చేయుచున్నాడని సుల్తానునకు చూపిరి. 1481 లో కొండపల్లి శిబిరమున ఆ వృద్ధమంత్రి తల తెగెను. తరువాత కొలది కాలమునకే ఆ రాజ్యము అయిదు ముక్కలయ్యెను. అందొక ముక్కయైన గోలకొండను స్థాపించిన కులీ కుతుబు పారసీక దేశపు హమదానునుండి వచ్చినవాడే. అతని వంశమువారు తెలుగు కవులను ఆదరించిరి. వారిలో ఇబ్రహీమును మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. గోలకొండను పరదేశపు కోటయని ఇప్పుడెవరును అనరు. పరదేశి ఎప్పుడు స్వదేశి యగునో నిర్ణయించు గడియారము ఏ కచ్చేరీలోను లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. అయినను కచ్చేరీలు అట్టి గడియారమును చేయబూనినవి. ఆ కథ యిది.

మొదటి సాలారుజంగు 1853 లో దివానగునప్పటికి నైజాము ఖజానా వట్టిపోయి, జిల్లాలు గుత్తదారుల పాలై యుండెను. ఆయన జిల్లాబందీ చేసి, రెవిన్యూ, న్యాయ, పోలీసు శాఖలను క్రొత్త పద్ధతిపై నెలకొల్పెను. ఆ పద్ధతి తెలిసినవారు రాజ్యములో తక్కువ. అందుచే బ్రిటిషు సర్కారు కొలువులలో ఆరితేరినవారిని ఉత్తరహిందూస్థానమునుండి పిలిపించెను. సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీ, మొహిసినుల్ముల్కు, వికారుల్ముల్కు మొదలగువారు అట్లు వచ్చినవారు. వారు సమర్థులు కారని ఎవరును అనజాలరు. కాని సమర్థుడు ఒంటరిగా రాడు. వెంట మేనల్లుని, మేనల్లుని బావమరిదిని తెచ్చుకొనును. కొలది యేండ్లలో పెద్ద జీతముల కుర్చీలన్నియు పైవారివయ్యెను. 1884 ప్రాంతమున రాజభాష పారసీకమునుండి ఉర్దూకు మారుటతో పాతబస్తీ కాయస్థుల పారసీక పాండిత్యము, దక్కనీ ముసల్మానుల పాత మర్యాదలు ఒక్కసారిగా పనికిమాలినవయ్యెను. ముల్కీ యను మాటకు పదును వచ్చినది అప్పుడే.

మొర నిజమైనది. ఈ మాటను స్పష్టముగా చెప్పుట అవసరము. ఏలయన ముల్కీ వాదమును సంకుచితబుద్ధి యని తీసివేయువారు మనలో నున్నారు. తన పన్నుతో నడచు కొలువులో తన బిడ్డకు చోటు లేదని ఒకడు దుఃఖించుట సంకుచితము కాదు. తప్పు మొరలో లేదు, సర్కారు దానికి చేసిన వైద్యములో నున్నది. ఆరవ నిజాము మహబూబలీ ఖాను కాలమున 1888 లో ముల్కీకి ఒక లక్షణము నిర్ణయించిరి. రాజ్యములో పదునయిదేండ్లు స్థిరముగా నివసించినవాడు ముల్కీ. లేదా సర్కారు కొలువులో పండ్రెండేండ్లు ఎడతెగక యుండినవాడు ముల్కీ. అతని మగసంతతికి రెండు తరముల వరకు ఆ హోదా వచ్చును. ఈ లెక్కను ఒకసారి విప్పిచూడుడు. దేశీయుడు తన కొలువును పైవాడు కొల్లగొట్టెనని మొరపెట్టుకొనగా, కొలువు పట్టి పండ్రెండేండ్లు కూర్చుండినవాడే దేశీయుడని సర్కారు జవాబిచ్చెను! సాలారుజంగు తెచ్చినవారిలో చాలమంది అప్పటికే ఆ గడువు దాటినవారు. నిన్నటి గైరుముల్కీ నేటి ముల్కీయై, రేపు రాబోవు గైరుముల్కీని అడ్డగించుటకు ద్వారమువద్ద నిలిచెను.

1919 లో ఏడవ నిజాము ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు దీనికంటె వివరమైనవి. కొలువుల నియమావళిలో చేరిన ఆ నిబంధనల ప్రకారము, పుట్టుకచే నైజాము ప్రజయైనవాడు ముల్కీ. పుట్టుకచే ప్రజ యనగా అతడు పుట్టునప్పటికి తండ్రి ముల్కీయై యుండవలెను. తండ్రి పదునయిదేండ్ల కొలువు పూర్తిచేసి, బిడ్డ పుట్టునాటికి ఉద్యోగములో నున్నచో ఆ బిడ్డయు ముల్కీ. పైనుండి వచ్చినవాడు పదునయిదేండ్లు స్థిరనివాసముండి, తిరిగి తన ఊరికి పోవు తలంపు వదలుకొంటినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము ధృవపరచుకొన్నయెడల ముల్కీ. తలంపు వదలుకొనుటకు మేజిస్ట్రేటు సాక్షి! మనుష్యుని మనస్సులో పుట్టినయూరు ఎన్నడు ఆరిపోవునో కనిపెట్టగల అధికారి నైజాము రాజ్యములో ఉండెనని ఈ నిబంధన చదివిన తరువాతనే తెలియవచ్చినది.

ఆడవారి విషయమున ఆ నిబంధన మరియు విచిత్రము. పైదేశపు స్త్రీ ముల్కీని పెండ్లాడిన మరునాడే ముల్కీ యగును. ఆమెకు పదునయిదేండ్లు అక్కరలేదు. ఇచ్చటనే పుట్టి పెరిగిన ముల్కీ స్త్రీ పైవానిని పెండ్లాడినచో ఆ హోదా పోగొట్టుకొనును. మరల పొందవలెనన్న మగడు చనిపోవలెను, లేక విడాకులైనను కావలెను. అటుపై పుట్టినింటికి తిరిగివచ్చి కాపురముండవలెను. అనగా ఆమె దేశము ఆమె పాదముల క్రింద లేదు, మగని పేరులో నున్నది. ఇది మన దక్కనుకే పరిమితమైన అనాగరికతయని తలవంచుకొన నక్కరలేదు. బ్రిటిషువారు 1870 లో చేసిన చట్టముచే పరదేశిని పెండ్లాడిన ఆంగ్లస్త్రీ తన జాతీయతను కోల్పోయెడిది. 1948 చట్టము వచ్చువరకు ఆ దేశపు స్త్రీలు దానికై పోరాడవలసివచ్చెను. జర్మనీ 1913 చట్టము పౌరత్వమును రక్తసంబంధమునుబట్టి, అందును తండ్రినిబట్టి యిచ్చినది. తరువాత 1961 లో తుర్కీతో ఒప్పందము చేసికొని కర్మాగారములకు కూలీలను పిలిపించుకొనిరి. ఆ కూలీల బిడ్డలు జర్మనీలోనే పుట్టి, జర్మను పాఠశాలలో చదివి, జర్మనులు కాక పెరిగిరి. ఆ నేలపై పుట్టిన కారణమున పరదేశుల బిడ్డలకు పౌరత్వమిచ్చు ఏర్పాటు 2000 సంవత్సరము జనవరి 1 నుండి గాని అమలుకు రాలేదు. మన 1919 నిబంధనకును ఆ 1913 చట్టమునకును పోలిక ఒక్కటే: నేలను అడుగవు, తండ్రిని అడుగును.

ఇప్పుడు మనూరుకు తిరిగిపోదము. ఈ నిబంధనలు జరీదాలో అచ్చయినప్పుడు మనూరు రైతునకు ఏమి కలిగెను? అతడు ముల్కీయా కాదాయని సందేహించినవాడు లేడు. పదునయిదేండ్లు కాదు, పదునయిదు తరములవాడు. కాని ఆ హోదాతో కొనగలిగినది కొలువు ఒక్కటే; కొలువునకు చదువు కావలెను; చదువు ఉర్దూలో నుండెను. 1918 లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య చెప్పిన గొప్ప ప్రయత్నమని యావద్భారతము కొనియాడినది. కొనియాడదగినదే. అయితే ఆ దేశభాష రాజ్యప్రజలలో దాదాపు సగమైన తెలుగువారిది కాదు, మరాఠీలది కాదు, కన్నడిగులది కాదు. 1931 జనాభా లెక్కలనాటికి రాజ్యమున అక్షరాస్యులు నూటికి అయిదుగురికి అటునిటుగా నుండిరి. తక్కిన తొంబదియైదుగురికి ముల్కీ హోదా చంద్రుని వెన్నెలవంటిది. అందరిదియు, ఎవరి గంపలోనికిని రాదు. సర్కారు దేశీయుని లక్షణము నిర్ణయించుటకు కలమంత సిరా వాడినది గాని, దేశీయునికి తాను బాకీపడినదేమో ఒక్క పంక్తియైనను వ్రాయలేదు.

ఈ లోపమును ముందుగా చూచినవారు కొలువుల పేచీ పెట్టుకొన్నవారు కారు, భాషాభిమానులు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణమున సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు స్త్రీవిద్యకై జీవితమంకితము చేసిన ధోండో కేశవ కర్వే మహాశయులు. పెక్కుభాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినప్పుడు సభలోనివారు ఈలలు వేసి, చప్పట్లు చరచి కూర్చుండబెట్టిరి. సంస్కారసభలోనే యిది జరిగినదన్న విషయము మనబోటి సంస్కారప్రియులు మరువరాదు. అది రాజాజ్ఞ కాదు, కొత్వాలు చేసిన పని కాదు. చదువుకొన్న పెద్దమనుష్యులు చేసినది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును పెట్టిరి. అదియే పెరిగి 1930 లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ యయ్యెను. జోగిపేట మనూరునకు దూరము కాదు. ఆ సభతోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్రమహిళాసభయు జరిగెను. మగని పేరులో దేశమును వెదకుకొనవలసిన స్త్రీలు తమ పేరిట సభ చేసికొనిరి. గ్రంథాలయములు, తెలుగు పాఠశాలలు, వెట్టిచాకిరి నిర్మూలనము, బాల్యవివాహముల నిషేధము — ఈ సభలవారి కోరికలలో ముల్కీ యను మాట అరుదు. ముల్కీకి దక్కవలసినదేదో అదంతయు మాత్రము అందులో నుండెను.

ఇంకొక తెగవారి సంగతి చెప్పక తీరదు. మన గ్రామము పైవానిని పుట్టుపూర్వోత్తరములు అడుగదని మనము గర్వింతుము. కొంతవరకు నిజమే. మొగలాయి దండ్లకు ఎడ్లపై ధాన్యము, ఉప్పు మోయుచు వచ్చిన లంబాడీలు ఈ సీమలో తండాలు వేసికొని నిలిచిపోయిరి. ఏ మేజిస్ట్రేటును వారిచే ప్రమాణము చేయింపలేదు. కాని ఎచ్చటనుండి వచ్చితివని అడుగని గ్రామము ఏ కులమని మాత్రము అడుగక మంచినీరు పోయదు. ఊరికి మొదటినుండి ఉన్నవారినే ఊరి వెలుపల నుంచినది. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు ఈ వంకరను ఒక్క మాటతో పట్టుకొనిరి. 1917 లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభలో పంచములను మాట త్రోసివేసి, ఆది ఆంధ్రులను పేరు గ్రహించిరి. హైదరాబాదు రాజ్యమున ఆది హిందువులను పేరు ప్రచారము చేసిరి. ఆది యనగా ముందు. మీరందరు ముల్కీ గైరుముల్కీ యని పోట్లాడుకొనుచున్నారే, మీకు ముందే యున్నవారము మేము. మా సంగతి ఏమనిరని దాని యర్థము. అందరికంటె పాత ముల్కీకి కచ్చేరీ బంట్రోతుపని యైనను దొరుకుటయే గగనమైనచోట, ఆ నిబంధనలు ఎవరిని కాపాడుటకు పుట్టినవో ఇక విప్పి చెప్పనక్కరలేదు.

1930 తరువాత చదువుకొన్న హిందువులు, ముసల్మానులు కొందరు కలిసి నైజాము ప్రజల సంఘము నొకటి స్థాపించి, హైదరాబాదు హైదరాబాదీలదే యని నినదించిరి. రెండు మతములవారు ఒక్క వేదికపై కూడిన ఆ ప్రయత్నము కొంతకాలమే నిలిచినది. మతతగాదాలు పెరిగి ఆ వేదికను మ్రింగివేసినవి. అది నిలిచియున్నచో 1948 ఏ విధముగా గడచెడిదోయని ఆలోచించుట చరిత్రకారుని పని కాదు గాని, మనసు ఊరకుండదు.

1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము ప్రభుత్వము ముగిసెను. పాత అధికారులు కొందరు పోయిరి, కొందరిని తొలగించిరి. ఆ స్థానములకు మదరాసు రాష్ట్రమునుండియు ఇతర ప్రాంతములనుండియు ఉద్యోగులు వచ్చిరి. సాలారుజంగు కాలపు కథయే మరల మొదలు. ఈసారి వచ్చినవారిలో మన భాషవారే, కోస్తా తెలుగువారు, పెక్కురు. దొంగ ముల్కీ పత్రములు తెచ్చి కొలువులు పొందుచున్నారను ఫిర్యాదు ఊరూర వినబడెను. 1952 వేసవి కడచిన పిదప వరంగల్లులో ఉపాధ్యాయుల నియామకములపై విద్యార్థులు లేచిరి. సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదులో సిటీ కళాశాల పరిసరములందు పోలీసులు తుపాకులు కాల్చగా ప్రాణములు పోయెను. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు స్వయముగా ముల్కీ, బహుభాషాపండితుడు, ఆంధ్రజనసంఘపు తొలినాళ్లనుండి పనిచేసినవారు. తన బిడ్డలవంటివారిపై కాల్పులు జరిగిన దుఃఖము ఆయనకు తప్పలేదు. జస్టిసు పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరిపిరి. ఒక నినాదము నేటికిని వృద్ధుల నోట వినబడును: ఇడ్లీసాంబారు వాపసు పో. ఆకలిగొన్నవాని కోపము ఎదుటివాని అన్నముపై పడుట స్వాభావికము. కాని ఆ యిడ్లీ తినువాడు ఉత్తరువు పుచ్చుకొని వచ్చిన చిన్న గుమాస్తా; ఉత్తరువు చేసినవాడు వేరొకచోట భోజనము చేయుచుండెను.

ఇదే కాలమున తెలుగువారు తామే గైరుముల్కీలైనచోటు ఒకటి గలదు. రంగూను రేవులో ఓడల సరకు దించువారు చాలవరకు కోస్తా జిల్లాలనుండి పోయిన తెలుగు కూలీలు. కోరంగి రేవునుండి ఓడ యెక్కినవారు గనుక బర్మీయులు వారిని కోరంగీలని తృణీకారముగా పిలిచిరి. 1930 మే నెలలో వారు కూలి పెంచుమని సమ్మె చేయగా ఓడల కంపెనీలవారు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పంపివేసి తెలుగువారిని మరల పిలిచిరి. ఆ దినముననే తగవు పుట్టి రక్తము పారెను. చచ్చినవారిలో తెలుగువారే మిక్కిలి. 1937 లో బర్మాను హిందూదేశమునుండి వేరుచేసిరి. 1941 లో వలసను అరికట్టు ఒప్పందము చేసిరి. 1942 లో జపానుదండు రాగా లక్షలకొలది హిందూదేశీయులు అడవిదారుల నడచివచ్చిరి. దారిలో రాలినవారు ఎందరో. రంగూను బర్మీయుని మొరయు హైదరాబాదు ముల్కీ మొరవలె నిజమైనదే. అతని భూమి వడ్డీవ్యాపారి పాలయినది, అతని రేవు పైవాని పాలయినది. పగ మాత్రము మూటలు మోయువాని వీపుపై తీరెను. లాభము తీసిన కంపెనీల మేడలు చెక్కుచెదరలేదు.

1956 ఫిబ్రవరి 20 న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుష్యుల ఒప్పందము చేసికొని, తెలంగాణ కొలువులకు పండ్రెండేండ్ల నివాసము ఉండవలెననిరి. 1957 లో పార్లమెంటు చట్టము చేసినది. దాని క్రింది నియమములలో మరల పదునయిదేండ్లే వచ్చెను. 1969 మార్చిలో సుప్రీముకోర్టు, రాజ్యాంగము నివాసనియమమును రాష్ట్రమంతటికి విధింపనిచ్చును గాని రాష్ట్రములో ఒక భాగమునకు కాదని ఆ భాగమును కొట్టివేసెను. ఆ యేడు తెలంగాణము మండినది. వందలకొలది యువకులు నేలకొరిగిరి. 1972 అక్టోబరు 3 న అదే న్యాయస్థానము నైజాము నాటి ముల్కీ నిబంధనలు రాజ్యాంగపు 35 వ అధికరణముచే సజీవములై యున్నవని తీర్పు చెప్పెను. ఈ మారు ఆంధ్రప్రాంతము మండినది. పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గము పోయి, 1973 జనవరిలో రాష్ట్రపతిపాలన వచ్చెను. ఆ సంవత్సరమే ఆరుసూత్రముల పథకము కుదిరి, ముల్కీ నిబంధనలు రద్దయ్యెను. ఒక్క ఫర్మానా యొకసారి చచ్చి ఒక ప్రాంతమును, మరల బ్రతికి రెండవ ప్రాంతమును కాల్చినది.

తరువాత రాజ్యాంగమున చేరిన 371 డి అధికరణము క్రింద 1975 లో రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. అందు ముల్కీ యను మాట లేదు. స్థానిక అభ్యర్థి యను మాట గలదు. తండ్రి ఎవడని అది అడుగదు. అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఎచ్చట చదివితివి యని అడుగును. నా దృష్టిలో నూరేండ్ల తగవులో కలిగిన ఒకే మేలు మార్పు ఇది. రక్తమునుండి బడికి కొలత మారినది. ఆడపిల్లకును మగపిల్లవానికిని ఒక్క కొలతయే. పెండ్లితో అది మాయదు. తెలంగాణము ఏర్పడిన తరువాత వచ్చిన 2018 ఉత్తరువు, ఒకటవ తరగతినుండి ఏడవ తరగతిలోపల నాలుగేండ్లు చదివిన చోటును ప్రమాణముగా గ్రహించి, నూటికి తొంబదియైదు కొలువులను స్థానికులకుంచినది.

ఇంత మంచి కొలతయు మనూరు ప్రాంతపు తండాలలో చిక్కుపడుచున్నది. 1956 లో గీసిన గీత భాషలనుబట్టి గీసినది. లంబాడీల యింటిభాష మూడు రాష్ట్రములలో దేనికిని రాజభాష కాదు గనుక గీత వారి బంధుత్వముల నడుమనుండి పోయినది. తెలంగాణములో లంబాడీలు 1976 చట్టముచే షెడ్యూల్డు తెగలలో చేరిరి. గీత కవతల కర్ణాటకమున వారే షెడ్యూల్డు కులము. మహారాష్ట్రమున ఆ రెండును కాక విముక్త జాతులలోనివారు. ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెండ్రు బీదరు వైపొకతెయు, నారాయణఖేడు వైపొకతెయు మెట్టినచో, సర్కారు లెక్కలో వారు రెండు విధములైన మనుష్యులు. 1990 లో సుప్రీముకోర్టు, ఒక రాష్ట్రమున షెడ్యూలులో నున్నవాడు వేరొక రాష్ట్రమునకు వలసపోయినచో ఆ హోదా వెంటరాదని తీర్పు చెప్పియున్నది. గుర్తింపు మనిషికి కాదు, నేలకు అంటియున్నది. ఏ నేలపై నున్నను బడుగుతనము మాత్రము మనిషికే అంటియున్నది గదా!

వర్షాధారపు భూములు గల ఈ తండాలవారు దీపావళి కడచినంతనే చెరుకు నరుకుటకు కుటుంబములతో బయలుదేరుదురు. ముకద్దము ముందుగా బయానా యిచ్చియుండును. అది తీరువరకు తిరిగివచ్చుట లేదు. కొందరు జహీరాబాదు వైపు, కొందరు కర్ణాటకమునకు, మహారాష్ట్రమునకు పోవుదురు. చంటిబిడ్డ బండిపైనుండును, బడియీడు బిడ్డ, ముసలివారు ఇంటనుండి చూచుకొన్నచో తండాలో నిలుచును, లేనిచో తోటలో చెరుకాకు కట్టలు కట్టును. తిరిగి వచ్చునప్పటికి ఎండలు ముదురును, బడి సంవత్సరము ముగియవచ్చును. ఏ రాష్ట్రపు బడిలోను నిండు సంవత్సరము కూర్చుండని ఆ బిడ్డ ఒకటవ తరగతినుండి ఏడవ తరగతిలోపల నాలుగేండ్లు ఎచ్చట చదివినట్లు వ్రాయవలెను? వలసకాలమున బిడ్డలను తండాలోనే ఉంచుకొని అన్నము పెట్టి చదువు చెప్పు వసతిగృహములు కొన్నిచోట్ల నడచినవి. అవి నడచిన యేట హాజరుపట్టీ నిండును. నడవని యేట ఖాళీగడులు మిగులును. ఎన్నో తరములుగా మంజీర నీరు త్రాగినవారి బిడ్డ స్థానికుడో కాడో ఆ గడులే చెప్పుచున్నవి.